పట్టుపురుగు పాలరోగము

హిందూపురమున బయలుదేరి పెనుకొండ మీదుగా ధర్మవరము చేరు రైలుమార్గము పట్టుదారము నడచు మార్గము కూడ. హిందూపురము పట్టుగూళ్ళ మార్కెట్టుకు పేరుపొందినది. పెనుకొండ చుట్టుపట్ల పల్లెలలో బావుల క్రింద మల్బరీ తోటలు, తోటల ప్రక్కనే పురుగుల షెడ్లు కనబడును. ధర్మవరమున ఆ దారము మగ్గమెక్కి చీర యగును. ఈ సీమ చరిత్రను చెప్పువారు పెనుకొండ కోటను, 1565 తరువాత విజయనగర ప్రభువులు అచ్చటికి తరలివచ్చిన వృత్తాంతమును, లేపాక్షి గుడి కప్పుమీది చిత్రములను, ఆ చిత్రములలోని వస్త్రములకును ధర్మవరపు అంచులకును గల పోలికను తనివితీర వర్ణింతురు. పురుగునకు వచ్చు జబ్బును గూర్చి చెప్పువారు నాకు అరుదుగా కనబడిరి. ఈ ప్రసంగమున ఆ జబ్బు చరిత్రనే చెప్పదలచితిని. ఏలయన, ఇచ్చటి రైతు పాలరోగము అని పిలుచు ఆ తెగులే జీవశాస్త్రమునకు ఒక గొప్ప పనిముట్టు నిచ్చినది. ఎంజైముల ఆకృతిని, జన్యువుల అదుపును, మన పూర్వులు రాచపుండు అని భయపడిన క్యాన్సరు యొక్క మూలమును వెదకువారు నేడు ఆ పనిముట్టుతో పనిచేయుచున్నారు.

ముందుగా తట్టలో జరుగునది చూతము. గ్రుడ్డునుండి వెలువడిన పట్టుపురుగు ఇంచుమించు 25 దినములు ఆకు మేయును. అంతలో దాని బరువు సుమారు పదివేల రెట్లు పెరుగును. ఈ నడుమ నాలుగు మారులు చర్మము విడుచును. విడుచుటకు ముందు మేత మాని, తల పైకెత్తి, కదలక మెదలక యుండును. ఆ స్థితికి రైతులు పెట్టిన పేరు జ్వరము. నాలుగవ జ్వరము దాటిన పిమ్మట పురుగు ఆకలికి అంతు లేదు, ఇంటిల్లిపాదికిని నిద్ర లేదు. ఆకు కోయుట, మేపుట, పెంట తీయుట - ఈ పనులలో స్త్రీల పాలు అధికమని వేరుగ చెప్పనక్కరలేదు. ఇక రెండు మూడు దినములలో చంద్రికల మీదికి ఎక్కింపవచ్చు నని ఎదురుచూచుచుండగా కొన్ని పురుగులు మేత మానివేయును. కణుపుల నడుమ చర్మము ఉబ్బి మెరయును. అవి కుదురుగా నుండక తట్ట అంచు వెంట తిరుగాడుచుండును. తుదకు చర్మము చిట్లి పాలవంటి ద్రవము కారును. ఆ పాలు పడిన ఆకు తిన్న పురుగులకును అదే గతి. ఎండలు ముదిరిన దినములలో ఇది మరింత విజృంభించును. మొదటి దినములలోనే వచ్చి పోవు జబ్బయినచో నష్టము గ్రుడ్ల ధరతో తీరెడిది. ఇది ఆకు పెట్టి, కూలి యిచ్చి, అప్పు పెరిగిన తరువాత బయటపడు జబ్బు. దీని క్రూరత్వమంతయు ఆ ఆలస్యములోనే కలదు.

ఈ రోగము మన సీమలో పుట్టినది కాదు. ఇటలీ దేశపు కవి విడా 1527లో పట్టుపురుగుల పెంపకమును గూర్చి లాటిను భాషలో ఒక కావ్యము ప్రచురించెను. పురుగు దేహము కరగిపోవు రోగమొకటి అందు వర్ణితమైనది; దీనిని గూర్చిన తొలి సాక్ష్యములలో ఒకటిగ పండితులు దానిని పేర్కొందురు. 1856లో ఆ దేశమువారే యగు కార్నాలియా, మాయెస్త్రి అను ఇరువురు రోగపు పాలను సూక్ష్మదర్శిని క్రింద పరీక్షించి, అందు మెరయుచున్న కోణాకారపు రేణువులను చూచిరి. అవి నీటిలో కరగవు; క్షారములో మాత్రము కరగును. పాశ్చరు పట్టుపురుగును రక్షించిన మహనీయుడని పాఠ్యపుస్తకములలో మనమందరము చదివితిమి. అది సత్యమే. కాని 1865 నుండి ఐదేండ్లు ఆలెస్ పట్టణమున శ్రమించి ఆయన ప్రధానముగ జయించినది పెబ్రిన్ అను వేరొక రోగము. పాలరోగపు బీజము ఆయన సూక్ష్మదర్శినికి అందునంతటిది కాదు. అది వైరసు. 1947లో బెర్గోల్డ్ అను శాస్త్రజ్ఞుడు జర్మనీలో ఆ రేణువులను క్షారమున కరగించి ఎలక్ట్రాను సూక్ష్మదర్శినితో చూచినపుడు, లోపల సన్నని కడ్డీలవంటి వైరసులు పొదగబడియుండుట తెలియవచ్చినది.

రవ్వలడ్డులో జీడిపప్పు పొదిగినట్లు ఒక్కొక్క రేణువులో అనేక వైరసులు ఇమిడియుండును. రేణువు పదార్థము ఒకే ఒక ప్రోటీను; దానికి పాలీహెడ్రిన్ అని పేరు. ఆ ప్రోటీను అణువులు వరుస తప్పక పేర్చబడి యుండుటచేత ప్రతి రేణువును ఒక స్ఫటికము. ఆ కవచము నుండగా వైరసు షెడ్డు నేలలో, గోడ పగుళ్ళలో, మట్టిలో ఏండ్ల తరబడి చెడక యుండగలదు. పురుగు ఆకుతోపాటు దానిని మ్రింగినపుడు, పురుగు ప్రేగులోని క్షారగుణము స్ఫటికమును కరగించివేయును. కడ్డీలు విడివడి కణములలో ప్రవేశించును. మన కడుపులో ఆమ్లమున్నది. పట్టుపురుగు కడుపులో క్షారమున్నది. వైరసు ఆ భేదమును ఎరిగినదానివలె నడచుకొనును.

స్ఫటికమను మాట వచ్చినది గనుక కొంచెము నిలువవలెను. ప్రోటీను ఆకృతిని తెలిసికొనుటకు శాస్త్రజ్ఞులకు దొరికిన రాజమార్గము, దానిని స్ఫటికముగ మార్చి ఎక్స్ కిరణములను ప్రసరింపజేయుట. ఎంజైము కూడ ప్రోటీనే యనియు, అది స్ఫటికము కాగలదనియు అమెరికాలో సమ్నర్ 1926లో నిరూపించుటకు తొమ్మిదేండ్లు పట్టినది. 1934లో బెర్నాల్, డొరొతీ క్రోఫుట్ అనువారు పెప్సిన్ స్ఫటికమునకు తొలి స్పష్టమైన ఎక్స్ కిరణచిత్రము తీసిరి. ఎంజైము ఒకదాని సంపూర్ణాకృతి మొదట తెలిసినది 1965లో, లండనులో, అది లైసోజైము. మనకు చేరువగ మదరాసు విశ్వవిద్యాలయమున రామచంద్రన్, గోపీనాథ్ కర్తా 1954లో కొలాజెన్ ముప్పేట అల్లికను ఊహించి చూపిరి. ధర్మవరపు మగ్గముపై ఆడు దారమునకును ఈ చరిత్రలో పాలు కలదు: 1913లోనే జపానులో నిషికావా, ఓనో పట్టుపోగును ఎక్స్ కిరణములకు ఎదురుగ నిలిపిరి, 1955లో మార్ష్, కోరీ, పాలింగ్ అనువారు పట్టు ప్రోటీను అణువులు ముడుతలు పడిన రేకులవలె ఒకదానిపై నొకటి పేర్చబడియుండునని తేల్చిరి.

ఇందొక విచిత్రము. స్ఫటికము కొరకు శాస్త్రజ్ఞులు గాజుపాత్రల ముందు నెలల తరబడి తపస్సు చేయుచుండగా, పాలరోగము తగిలిన పురుగు దేహము కోట్లకొలది స్ఫటికములను అడుగక యే తయారు చేయుచుండెను. ఐనను అవి పనికిరాలేదు. ఒక్కొక్కటి మిల్లీమీటరులో వెయ్యవ వంతుకు కొన్ని రెట్లు మాత్రమే; అంత చిన్న దానినుండి ఎక్స్ కిరణచిత్రము తీయగల సాధనము ఆనాడు లేదు. ఆ కథకు మరల వచ్చెదను.

స్ఫటికము చేయు ప్రోటీను అంత విస్తారముగ ఎట్లు తయారగుచున్నది? ఈ ప్రశ్న జన్యువుల అదుపునకు సంబంధించినది. ఒక కణములో ఉన్న జన్యువులన్నియు ఒక్కమారే పలుకవు. ప్రతి జన్యువునకు ముందు ప్రమోటరు అను డి.ఎన్.ఎ. భాగముండును, జన్యువు ఎప్పుడు పలుకవలెను, ఎంత గట్టిగ పలుకవలెను అనునది అక్కడ నిర్ణయమగును. పాలరోగపు వైరసు తన జన్యువులను మూడు విడతలుగ మేల్కొల్పును. కణమును వశపరచుకొనునవి మొదట, కొత్త వైరసులను కట్టునవి తరువాత, కవచమును పోయు పాలీహెడ్రిన్ జన్యువు తుదిని. ఆ తుదిగడియలలో కణములోని ప్రోటీనులో నాల్గవ వంతుకు మించి ఈ ఒక్కటే యగును. మరొక సంగతి. ఒక కణమునుండి మరొక కణమునకు వ్యాపించుటకు వైరసునకు కవచముతో పనిలేదు. అది బయటి ప్రయాణమునకు మాత్రమే. కావున పాలీహెడ్రిన్ జన్యువును తొలగించి, ఆ బలమైన ప్రమోటరు క్రింద వేరొక జన్యువును ఉంచినచో, వైరసు ఆ కొత్త ప్రోటీనునే రాశిపోయును.

ఈ ఊహ 1983లో ఫలించెను. అమెరికాలోని టెక్సాసులో స్మిత్, సమ్మర్స్ అనువారు పాలరోగపు వైరసునకు దాయాది యగు మరొక వైరసులో మనిషి ఇంటర్‌ఫెరాన్ జన్యువును ఉంచి, కీటకకణములచేత దానిని చేయించిరి. 1985లో జపాను శాస్త్రజ్ఞుడు మాయెదా, ఆయన సహచరులు పట్టుపురుగు వైరసుతోనే పట్టుపురుగు దేహములో ఇంటర్‌ఫెరాన్ తయారు చేయించిరి. నాటినుండి కీటకకణము ప్రోటీనుల కార్ఖానాగ మారినది. ఈ కార్ఖానాలలో మిక్కిలి వాడుకలో నున్న కణములు కత్తెరపురుగు ప్యూపా అండాశయమునుండి తీసినవి. 2018లో మన దేశమునకు వచ్చి మొక్కజొన్న చేలను పాడుచేసిన ఆ కత్తెరపురుగే! చేను పాడుచేయు పురుగు కణములో, పట్టుగూటిని పాడుచేయు వైరసు దాయాది చేత, మనిషి ప్రోటీను తయారగుచున్నది.

క్యాన్సరు పరిశోధన ఈ కార్ఖానాకు గొప్ప ఖాతాదారు. కణము పెరుగవలె నన్న సంకేతము అనేక సందర్భములలో కైనేజు అను ఎంజైముల ద్వారా నడచును. అవి ఇతర ప్రోటీనులకు ఫాస్ఫేటు తగిలించును. ఫాస్ఫటేజు అను ఎంజైములు దానిని తొలగించును. తగిలించుట, తొలగించుట సమముగ సాగినంతకాలము దేహము క్షేమము. కోళ్ళలో కంతిని పుట్టించు వైరసును రౌస్ 1911లో చూపెను. అందలి క్యాన్సరు జన్యువు కైనేజును చేయునది; అది నిజమునకు కోడినుండియే వైరసు ఎత్తుకొనిపోయిన జన్యువని 1976లో బిషప్, వార్మస్ ప్రభృతులు నిరూపించిరి. ఆబుల్ అను మరొక కైనేజు, క్రోమోసోములు తెగి అతుకుకొనుటచేత అదుపు తప్పినపుడు, ఒక విధమైన రక్తక్యాన్సరు కలుగును. ఈ ఎంజైమును చురుకుగ బాక్టీరియాలో తయారు చేయుట ఆనాడు సాధ్యపడకపోగా, కీటకకణములు చేసియిచ్చినవి. 2000లో న్యూయార్కులో, భారతదేశమున జన్మించిన జాన్ కురియన్ పరిశోధకబృందము ఆబుల్ ఆకృతిని, మందును పోలిన అణువు అందులో ఇరుకుకొని దానిని పనిచేయని భంగిమలో బిగించిపట్టుటను చూపినది. మందు అంతకు ముందే పుట్టినది. అది ఏల పనిచేయునో ఈ చిత్రము చెప్పినది. ఆ మందే 2001లో అమెరికాలో అనుమతి పొందిన ఇమాటినిబ్. దాని బీటా స్ఫటికరూపమునకు పేటెంటు ఇవ్వ నవసరము లేదని మన సుప్రీంకోర్టు 2013 ఏప్రిలు 1న తీర్పు చెప్పుట చాలమందికి జ్ఞాపకముండును. స్ఫటికము ఔషధశాలనుండి న్యాయస్థానము వరకు నడచినదన్న మాట! గర్భాశయముఖ క్యాన్సరును నివారించుటకై 2007లో ఐరోపాలో అనుమతి పొందిన సర్వారిక్స్ టీకా ప్రోటీనులు కూడ ఈ పద్ధతినే కీటకకణములలో చేసినవి.

ఇక తట్ట అంచు వెంట తిరుగాడు పురుగు మాట. ఆ తిరుగుట బాధచేత నని చూచినవారు అనుకొనుట సహజము. 2005లో జపాను, అమెరికా పరిశోధకులు పాలరోగపు వైరసునుండి ఒక్క జన్యువును తొలగించి చూడగా రోగపు పురుగు అట్లు తిరుగుట మానినది. ఆ జన్యువు ఫాస్ఫటేజును చేయునది. కోడి వైరసు కైనేజును దొంగిలించినట్లే ఈ వైరసు పూర్వమెప్పుడో కీటకమునుండి దానిని సంగ్రహించినదని పరిశోధకుల అభిప్రాయము. 2012లో వచ్చిన పరిశోధన మరొక మెలిక చూపినది: పురుగును తిప్పుటకు ఆ ప్రోటీను యొక్క ఎంజైము గుణమే అవసరము లేదు, వైరసు నిర్మాణములో ఒక భాగముగ నున్న చాలును. తన దేహమునుండి పోయిన జన్యువే తనను అంచులకు తోలి, రోగమును నలుమూలలకు చల్లించుచున్నది. పురుగు దేహమును కరగించి పాలు చేయునవి కూడ వైరసు చేయు రెండు ఎంజైములే. ఒకటి చర్మపు గట్టిదనమును, రెండవది మాంసపు ప్రోటీనులను విరుగగొట్టును.

ఆ చిన్న స్ఫటికముల మాట చెప్పెదనంటిని. స్విట్జర్లాండులోని సింక్రోట్రాన్ యంత్రమునందు వెంట్రుకకంటె సన్నని ఎక్స్ కిరణధార లభ్యమైన పిదప, 2007లో న్యూజీలాండునుండి మెట్కాఫ్, కూలిబలీ ప్రభృతులు పట్టుపురుగునకే సోకు మరొక వైరసు రేణువుల ఆకృతిని సాధించిరి. 2009లో పాలరోగపు వంశమునకు చెందిన వైరసుల రేణువుల ఆకృతియు తెలిసినది. ప్రోటీను అణువులు చేతులు చాచి ప్రక్కవానిని పెనవేసికొనియున్నవి. నీరు చొరబడుటకు సందు మిక్కిలి తక్కువ. ఆ పట్టును నిలుపునది అణువులమీది విద్యుదావేశముల పొందిక. క్షారము తగిలినపుడు పొందిక చెడి పట్టు సడలును. 1856లో చూచిన రేణువుల రహస్యము ఈ విధముగ నూటయేబది యేండ్లకు విడివడినది.

ఇంతవరకు పాలరోగము లోకమునకు ఇచ్చినది చెప్పితిని. లోకము పాలరోగపు రైతునకు తిరిగి యిచ్చిన దేమి? ఇందుకు సమాధానముగ హిందూపురము పేరు చెప్పగలుగుట నాకు సంతోషము. హిందూపురము చెంత కిరికెరలో ఆంధ్రప్రదేశ్ రాష్ట్ర పట్టుపరిశోధనాభివృద్ధి సంస్థ వెలసినది. హైదరాబాదులోని డి.ఎన్.ఎ. వ్రేలిముద్రల కేంద్రమున డాక్టరు జవరేగౌడ నాగరాజు పట్టుపురుగు జన్యుశాస్త్రమును జీవితవ్రతముగ సాగించెను. ఈ రెండు సంస్థలును, ఫ్రాన్సు శాస్త్రజ్ఞులును కలిసి పాలరోగముపై ఒక ఉపాయము పన్నిరి. జన్యువు ఆజ్ఞను కణములోనికి మోయునది ఆర్.ఎన్.ఎ. అది రెండు పేటలుగ కనబడినచో కణము శత్రువుగ భావించును. డైసర్ అను ఎంజైము దానిని చిన్న తునకలుగ నరకును. ఆర్గోనాట్ అను మరొక ఎంజైము ఒక తునకను నమూనాగ పట్టుకొని, దానికి సరిపోలు ఆజ్ఞలన్నింటిని వెదకి త్రుంచివేయును. ఫైర్, మెల్లో 1998లో ఈ మౌనసాధనమును కనుగొని 2006లో నోబెల్ బహుమానము పొందిరి. మన శాస్త్రజ్ఞులు వైరసునకు ప్రాణాధారమగు నాలుగు జన్యువులనుండి చిన్న భాగములను తీసి, వానిని వరుసగ కూర్చి, ఎదురుబొదురుగ మడిచి, పట్టుపురుగు వంశములోనే నాటిరి. వైరసు నోరు తెరచునప్పటికే పురుగు దాని నాలుగు మాటలను ఎరిగియుండును.

ఫలితము 2013 జనవరిలో జెనెటిక్స్ అను పత్రికలో వెలువడెను. ప్రపంచమున పట్టుగూళ్ళ పంటకు కలుగు నష్టములో సగమునకు మించినది ఈ ఒక్క వైరసు వలననే యని ఆ వ్యాసపు మొదటి మాటలలో కలదు. అధికముగ పట్టు నిచ్చునది యైనను రోగమునకు సులభముగ లొంగు ఒక వాణిజ్యజాతిలోనికి ఈ రక్షణగుణమును వారు సంకరముచేత చేర్చిరి. వైరసు పెట్టినపుడు సామాన్యపు పురుగులలో నూటికి 15 లోపే బ్రతుకగా, మార్చిన పురుగులలో 75కు పైగ బ్రతికినవి. వీనిలో పుట్టిన స్ఫటికములకు రోగము నంటించు శక్తియు తగ్గినది. ఆ వ్యాసము అచ్చయిన సంచిక వెలువడు తరుణముననే, 2012 డిసెంబరు 31న, నాగరాజు కన్నుమూసెను.

ప్రయోగశాల తట్టకును రైతు తట్టకును నడుమ దూరము చిన్నది కాదు. జన్యువు మార్చిన జీవిని మన దేశమున బయటికి వదలుటకు 1989 నిబంధనల క్రింద పరీక్షలు, అనుమతులు కావలెను. ఈ జాగ్రత్త వలదని నేననను. పట్టుపురుగు రెక్కలున్నను ఎగురలేని, మనిషి చేయి లేనిదే బ్రతుకలేని ప్రాణి. ఐనను దాని పెంట చేనికి పోవును, రీలింగు తరువాత మిగిలిన ప్యూపాలు మేతకును ఎరువునకును పోవును. ప్రశ్నలడుగుట న్యాయమే. కాని టెక్సాసులో మొలిచిన ఊహ రెండున్నర దశాబ్దముల లోపల టీకాయై ఐరోపా చేరెను; ఆ ఊహకు మూలమైన రోగముతో వేగుచున్న ఇల్లాలికి ప్రయోగశాల ఫలితము చేరుటకు పట్టు కాలమును కూడ ఎవరైనను లెక్కించుట న్యాయమని నా అభిప్రాయము.

అంతవరకు ఆమె చేతిలోని ఆయుధము సున్నము. నూటికి 2 పాళ్ళు బ్లీచింగు పొడిని 0.3 పాళ్ళు విరిసిన సున్నము కలిపిన నీటిలో కలిపి షెడ్డును కడుగవలెనని పట్టుశాఖవారు చెప్పుదురు. పురుగు కడుపులోని క్షారము చేయు పనినే, పురుగు రాకముందు ఈ సున్నపు నీటి క్షారము నేలమీద చేయును: స్ఫటికపు పట్టు సడలును, కవచము పోయిన వైరసు క్లోరినుకు దొరకిపోవును. అందుచేత పంట దించిన వెంటనే ఒకమారు, కొత్త గ్రుడ్లు తెచ్చుటకు ముందు మరొకమారు, గోడలు, నేల, తట్టలు, చంద్రికలు తడియునట్లు చల్లి, తలుపులు మూసియుంచుదురు. జబ్బు పురుగు కంటబడినపుడు దానిని చేత నలుపక, పుల్లతో ఏరి, సున్నపు నీటి పాత్రలో వేయుదురు.